బొజ్జ క్షేమంగా ఉండాలంటే

బరువును మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగించండి. వచ్చేది బీఎంఐ. ఎత్తు 165 సెంటీమీటర్లు, బరువు 68 కిలోలైతే 25కి వెంట్రుకవాసి తక్కువ వస్తుంది. ప్రపంచ లెక్కలో అది మామూలే. వెంటనే లెక్క ఆపేసి తెనాలి గాంధీచౌక్ వైపు వెళ్లి ఉప్మా పెసరట్టు చెప్పండి. మనవాళ్లకు 23 నుంచే అధిక బరువు, 25 నుంచి స్థూలకాయం అని 2009లో మన దేశపు వైద్యులు గీత గీశారని ఎవరైనా అంటే, ఈ ఒక్క విషయంలో మీరు విశ్వమానవులు.

27 వచ్చిందా? అప్పుడు బీఎంఐనే తిట్టాలి. 1830ల్లో కెటిలే అనే బెల్జియం లెక్కలాయన జనం సగటు కోసం కట్టిన సూత్రమనీ, 1972లో గానీ దానికి ఆ పేరు రాలేదనీ, కండకూ కొవ్వుకూ తేడా తెలియదనీ వాదించండి. నిజమే కూడా. కండబలానికి పేరుమోసిన కోడి రామ్మూర్తి నాయుడు గారికి ఈ లెక్క వర్తిస్తుందా అని నిలదీయండి. ఆయన ఛాతీ మీద ఏనుగును ఎక్కించుకున్నారు. మీరు రేపల్లె ప్యాసింజర్ ఎక్కడానికే ఆయాసపడతారన్నది వేరే సంగతి.

కాళ్లూ చేతులూ పుల్లల్లా ఉండి, చొక్కా గుండీ ఒక్కటే బిగిసేవాళ్లు బీఎంఐని వదలనే కూడదు. 2004లో లాన్సెట్ పత్రికలో పుణె డాక్టరు యాజ్ఞిక్, లండన్ డాక్టరు యుడ్కిన్ పక్కపక్కన నిలబడ్డ ఫొటో వేశారు. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, మన యాజ్ఞిక్‌కు 21.2 శాతం. ఆ ఫొటో మీ ఆవిడ కంట పడనీయకండి.

కొవ్వు శాతం చూపే మిషన్ ఒంట్లోకి సన్నటి కరెంటు పంపి, నీటిని బట్టి అంచనా కడుతుంది. నీళ్లు తగ్గితే కొవ్వు ఎక్కువ చూపుతుంది. కాబట్టి సూర్యలంక ఎండలో చెమటోడ్చి బాపట్ల తిరిగొచ్చిన రోజు దాని మీదికి ఎక్కకండి. పొద్దుటిదీ సాయంత్రానిదీ కలవకపోతే తక్కువది ఫొటో తీసుకోండి. ఇంట్లోవాళ్లు ఇంకా వేధిస్తే, కొవ్వును మరింత కచ్చితంగా కొలిచే డెక్సా స్కాన్ అయితేనే నమ్ముతాననండి. అదెక్కడ చేస్తారో కనుక్కోకండి.

అసలు శత్రువు దర్జీ టేపు. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడుమ, ఊపిరి వదిలి కొలిస్తే మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదట. దాటితే షుగరు, గుండెజబ్బు ముప్పట. అందుకని బొజ్జ కిందకి జారిన ప్యాంటు దగ్గరే, ఊపిరి బిగబట్టి కొలిపించుకోండి. ఇంట్లో టేపుంటే ఈ రాత్రికే ఎవరికైనా ఇచ్చేయండి.