ఆ మెరూన్ వేరు, ఈ మెరూన్ వేరు

ఈమధ్య మా ఎల్లారెడ్డి చుట్టుపక్కల పాత బండ్లకు మళ్లీ మంచి రోజులొచ్చాయి. కొట్టాల్లో గడ్డిమోపుల వెనక పడి ఉన్న జావాలు, యెజ్డీలు, బుల్లెట్లు బయటికి తీస్తున్నారు. తాత నడిపిన బండిని తుక్కోనికి వేయకుండా బాగు చేయించుకునే మనవడిని చూస్తే నాకు కడుపు నిండినట్టుంటుంది. నా బాధంతా ట్యాంకు దగ్గరే. ఇంజను సామాను కోసం ఎక్కడెక్కడికో ఫోన్లు చేసి నెలల తరబడి తిరిగే పోరగాళ్లు, రంగు దగ్గరికొచ్చేసరికి ఫోన్‌లో ఒక ఫొటో చూపించి "గిదే కొట్టు కాకా" అంటారు.

ఫొటోను చూసి రంగెట్లా కలుపుతారు? అది మిట్టమధ్యాహ్నం తీసిందో, షెడ్డులో ట్యూబ్‌లైటు కింద తీసిందో ఎవరికీ తెలవదు. ఫోను దాని లెక్కన ఎరుపును పెంచుతుంది, నలుపును తగ్గిస్తుంది. ఇంట్లో చూస్తే ఒక తీరు, వాకిట్లో చూస్తే ఇంకో తీరు.

మా రోజుల్లో ట్యాంకు షాపుకొస్తే ముందు ఎమరీ పేపర్ ముట్టేవాళ్లం కాదు. రంగును వెతకడం మొదటి పని. ఎండకు పైపైన వెలిసిపోయినా, ఎండ తగలని చోట అసలు రంగు దాక్కొని ఉంటుంది. జావా అయితే సీటు ముక్కు కిందికి పోయే ట్యాంకు వెనక భాగంలో, ట్యాంకు కడుపులో ఫ్రేము ఇమిడే గాడిలో, టూల్‌బాక్సు మూత లోపలి వైపున. బుల్లెట్టుకైతే మోకాలి రబ్బర్ల కింద, బ్యాడ్జి వెనక. జిడ్డును కిరాసిన్ గుడ్డతో తుడిచి, కాంపౌండ్ పెట్టి వేలితో మెల్లగా రుద్దితే అణా బిళ్లంత జాగాలో ఆ బండి ఫ్యాక్టరీ గేటు దాటిననాటి రంగు పైకొచ్చేది. ఆ జాగా చూపించి మా ఉస్తాద్ "డబ్బా మీద పేరు చదవకు, దీన్ని చూడు" అనేవాడు.

ఇప్పుడు మొట్టమొదట చేసే పని ఏమిటంటే, పెయింట్ రిమూవర్ పోసి ట్యాంకును రేకు దాకా గీకి పారేయడం. ఆ తర్వాత రంగు ఏదని అడుగుతారు. సాక్ష్యమంతా మోరీలో కలిపేసి నన్నడిగితే నేనేం చెప్పాలి?

రంగు కలపడం ఎట్లుండేదో చెబుతాను. అప్పట్లో ఎక్కువగా ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) పెయింటే. డ్యూకో అంటే ఊళ్లో అందరికీ తెలుసు. మెరూన్ కావాలంటే లేత వైపు నుంచి ముదురు వైపు పోవాలి. నలుపు ఒక్క బొట్టు ఎక్కువైతే వెనక్కి తేవడానికి డబ్బాడు ఎరుపు పోసినా చాలదు. అందుకే పుల్లను నల్ల రంగులో ముంచి, కారేదంతా కారనిచ్చి, పుల్లకంటిన దాన్నే కలిపేవాళ్లం. డాల్డా డబ్బా రేకు కత్తిరించి, ట్యాంకు ఒంపులాగే వంచి, ట్యాంకుకు వేసే ప్రైమరే దానికీ వేసి స్ప్రే గన్‌తో రంగు కొట్టేవాళ్లం. రేకు ఒంపెందుకంటే, చదును మీద కనిపించిన రంగు వంపు మీద అట్లా కనిపించదు. ప్రైమర్ ఒకటే ఎందుకంటే, కింద బూడిద రంగుంటే పైన ఎరుపు ఒక తీరు, రెడ్ ఆక్సైడ్ ఉంటే ఇంకో తీరు. తడి మీద తీర్పు చెప్పొద్దు. ఆరాలి, వాటర్ పేపర్ పట్టాలి, కాంపౌండ్ రుద్దాలి. అప్పుడు రేకును ఆ అణా బిళ్లంత జాగా పక్కన పెట్టి ఎండలో ఒకసారి, వేపచెట్టు నీడలో ఒకసారి చూడాలి. రెండుచోట్లా అతుకు కనిపించకపోతేనే ట్యాంకు మీద గన్ పెట్టేది. ముసురు పట్టిన రోజుల్లో ఎన్.సి. కొడితే తేమకు తెల్లగా పొగబారుతుంది కాబట్టి వానాకాలంలో ట్యాంకు ఆగాల్సిందే. తొందరపెట్టే ఆసామిని వాపసు పంపేవాళ్లం.

ఇప్పటి రంగులు చెడ్డవని నేననను. ఎన్.సి. రంగుకు పెట్రోలంటే పడదు. మూత చుట్టూ నాలుగుసార్లు ఒలికితే మెత్తబడి పొరలు లేచేది. హార్డనర్ కలిపే పి.యు. (పాలీయురేథేన్) రంగు పెట్రోలును తట్టుకుంటుంది, ఏళ్లు నిలుస్తుంది. రంగును కొలిచే మిషన్లూ వచ్చాయి. మంచివే. కానీ మిషన్ ముందు ఏ ముక్క పెడుతున్నావన్నదే అసలు సంగతి. వెలిసిన మడ్‌గార్డు పెడితే వెలిసిన రంగే చెబుతుంది. బండి మొత్తానికి రంగేస్తుంటే దాగిన రంగుకు కలపాలి. ఒక్క ట్యాంకే సొట్టపడి దానికే వేస్తుంటే, ఎండలో వెలిసిన మడ్‌గార్డుకే కలపాలి. ఈ తేడా కనిపెట్టాల్సింది మనిషే.

మొన్న కామారెడ్డి నుంచి ఒక పిల్లగాడు జావా ట్యాంకు తెచ్చాడు. వాళ్ల తాతది. నిజాంసాగర్ కాలువ కింద వరి అమ్మి కొన్న బండట. మైసూరులో ఐడియల్ జావా ఫ్యాక్టరీ బండ్లు చేయడం 1961లో మొదలైంది, 1996లో మూతపడింది. 2018లో జావా పేరుతో కొత్త బండి వచ్చింది, అందులోనూ మెరూన్ ఉంది. ఈ పిల్లగాడు ఆ కొత్త బండి రంగు నంబరు రాసుకొచ్చి "జావా మెరూన్ ఇదే కదా" అన్నాడు. కాదు బిడ్డా. పేరొక్కటే. మీ తాత బండి మెరూన్ ఎట్లుందో మీ తాత బండే చెబుతుంది. పైగా ట్యాంకు పక్కలనున్న క్రోమ్ పలకలు తుప్పు పట్టాయని వాటి మీద సిల్వర్ రంగు కొట్టించుకొచ్చాడు. చూసి నాకు పాణం ఉసూరుమంది. క్రోమ్ మళ్లీ ఎక్కించే ప్లేటింగ్ పనోళ్లు ఇప్పటికీ హైదరాబాద్‌లో ఉన్నారు.

గీతల సంగతీ అంతే. మద్రాసు బుల్లెట్టు ట్యాంకు మీద బంగారు గీతలు మనుషులు చేత్తో గీసినవి. పొడుగు వెంట్రుకల సన్న కుంచెతో ఊపిరి బిగబట్టి ఒకే విసురులో లాగాలి. ఇప్పుడు స్టిక్కర్ అంటించి పైన లక్కర్ కొడుతున్నారు. చేతి గీత మొదట్లో కొంచెం లావుగా, చివర్లో సన్నగా ఉంటుంది. స్టిక్కర్‌లో ఆ ప్రాణం ఎక్కడిది?

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది మ్యాట్ బ్లాక్. యాభై ఏళ్లు మెరూన్‌గా బతికిన ట్యాంకుకు పొయ్యి మసి పూసినట్టు ఆ నలుపేమిటి? 2021లో కేంద్ర ప్రభుత్వమే, యాభై ఏళ్లు దాటి అసలు రూపం చెడని బండ్లను వింటేజ్ కింద రిజిస్టర్ చేసుకోవచ్చని నియమం తెచ్చింది. నంబరు ప్లేటులో వి.ఎ. అని వేరే అక్షరాలిస్తారు. ఊరూరా కొట్టాల్లో అట్లాంటి బండ్లుంటే, ఉన్న రూపాన్ని మనమే మాపుకుంటున్నాం.

కామారెడ్డి పిల్లగాని ట్యాంకు నా దగ్గరే ఉంది. మెరూన్ ఉన్న చోటంతా రేకు దాకా గీకేశారు కాబట్టి టూల్‌బాక్సు తెమ్మని పంపాను. దాని మూత లోపల ఎవరూ రంగేయకుండా ఉంటే పని మొదలుపెడతాను. లేకుంటే హెడ్‌లైటు డోమ్ విప్పి లోపల చూడాలి.