వెనుక సీటు విషయమై నాన్నగారికి విన్నపం

మనలి, చెన్నై.

పూజ్యులైన నాన్నగారి పాదపద్మాలకు ద్వితీయ కుమారుడు నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ అందరూ క్షేమం, అక్కడి క్షేమం నాన్నగారి ఉత్తరం వల్ల తెలిసింది. అయితే ఆ ఉత్తరంలో క్షేమసమాచారం ఒక్క పంక్తితో ముగిసి, మిగిలిన పుటంతా ద్వితీయ కుమారుడు కొన్న విద్యుత్ స్కూటరు మీదికీ, దానికి ఇంకా కొనదలచిన సామగ్రి జాబితా మీదికీ మళ్లినందువల్ల, ఆ ఆక్షేపణలకు ఆధారసహితంగా సమాధానం చెప్పడం పుత్రధర్మమైంది. లేఖ కొంత దీర్ఘంగా సాగితే అందుకు కారణం ఆక్షేపణల సంఖ్యే తప్ప, సూళ్లూరుపేట దాటిన వెంటనే మనిషికి వాచాలత్వం అబ్బుతుందన్న మన నాయుడుపేట నమ్మకం కాదని మనవి.

మొదటి ఆక్షేపణ నైతికమైనది. చమురు శుద్ధి కర్మాగారంలో కాంట్రాక్టు పని చేసుకుని అన్నం తింటూ, పెట్రోలు చుక్క అక్కరలేని బండి ఎక్కడం తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం కాదా అని నాన్నగారు అడిగారు. మనలి శుద్ధి కర్మాగారం 1965లో మద్రాస్ రిఫైనరీస్ అనే సంస్థగా ఏర్పడి, 1969లో ఏటా 25 లక్షల టన్నుల ముడిచమురును శుద్ధి చేసే శక్తితో పని మొదలుపెట్టి, తరువాత చెన్నై పెట్రోలియంగా పేరు మార్చుకుని, నేడు కోటీ 5 లక్షల టన్నుల స్థాయికి ఎదిగింది కనుక, ఒక స్కూటరు తాగని పెట్రోలు వల్ల దానికి కలిగే నష్టం ఏ లెక్కకూ అందదు. అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. స్కూటరు సీటులోని మెత్తని పదార్థాన్ని పాలీయురేథేన్ ఫోమ్ అంటారు. పాలియోల్ అనే చిక్కని ద్రవం ఐసోసైనేట్ అనే మరొక రసాయనంతో కలిసి, పొంగి, లోపల లెక్కలేనన్ని గాలి గదులతో ఘనీభవించినప్పుడు అది తయారవుతుంది. ఆ పాలియోల్‌ను ఉత్పత్తి చేసే మనలి పెట్రోకెమికల్స్ శుద్ధి కర్మాగారానికి ఇరుగుపొరుగు సంస్థ, పైగా దాని నుంచి వచ్చే ప్రొపిలీనే దీనికి ముడిసరుకు. కాబట్టి పెట్రోలు మానినవాడు కూడా కూర్చునే చోట మనలి చమురును మానలేదు. వాసాలు లెక్కపెట్టడం అటుంచి, వాసాల మీదనే కూర్చున్నాడని చెప్పడం న్యాయం.

రెండవ ఆక్షేపణ చారిత్రకమైనది. నాన్నగారు ఒక హెర్క్యులస్ సైకిలు మీద ఏ అదనపు సామగ్రీ లేకుండా జీవితకాలం తిరిగినా నడుము నొప్పి ఎరగరనీ, నేటి కుమారులకు మాత్రం మెత్తలు, ఆనుడు బల్లలు కావలసి వచ్చాయనీ ఉత్తరంలో ఉంది. ఈ వాదంలో సగం నిజం ఉన్నందువల్ల దీనిని నిదానంగా పరిశీలించవలసి ఉంది. 1949లో మద్రాసులో స్థాపితమై అంబత్తూరులో సైకిళ్లు తయారుచేసిన టీఐ సైకిల్స్ వారి ఆ బండికి 28 అంగుళాల చక్రాలు, అంటే రోడ్డు మీది సన్నని గుంతలోకి పూర్తిగా దిగనంత వ్యాసం, చుట్టల స్ప్రింగుల మీద బిగించిన తోలు సీటు, వెనుక క్యారియరు, గొలుసుకు కవరు, చక్రాలకు మడ్‌గార్డులు ఉండేవి. అంటే సుఖానికి కావలసిన సామగ్రి అంతా కొన్ననాడే బండితో వచ్చింది. దానికి వేరే పేరు లేనందువల్ల నాన్నగారి జాబితాలోకి ఎక్కలేదు. విద్యుత్ స్కూటర్లలో ఎక్కువవాటికి 12 అంగుళాల చక్రాలే ఉంటాయి. చక్రం చిన్నదైన కొద్దీ అదే గుంతలోకి మరింత లోతుగా దిగి, మరింత నిటారుగా పైకి ఎక్కవలసి వస్తుంది కనుక కుదుపు పదునెక్కుతుంది. సైకిలుకు లేని వేగం దానికి తోడవుతుంది.

ఇక్కడ శరీరశాస్త్రం కొంత అవసరం. కూర్చున్న మనిషి బరువును ప్రధానంగా కటి భాగం అడుగున ఉండే రెండు ఎముక మొనలు మోస్తాయి; వాటి గుండా పైకి వచ్చే నిలువు కంపనాలు సెకనుకు నాలుగు నుంచి ఎనిమిది సార్ల వేగంతో ఉన్నప్పుడు నడుము, పొట్ట వాటికి అన్నిటికన్నా ఎక్కువగా స్పందిస్తాయి, మనిషి ఒంటికి చేరే కంపనాలను అంచనా వేసే అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 2631 కూడా ఈ పరిధికే ఎక్కువ ప్రాధాన్యం ఇస్తుంది. పెట్రోలు బండిలో ఇంజను సొంతంగా చేసే వణుకు, చప్పుడు ఈ రోడ్డు కుదుపును కొంతవరకు కప్పిపుచ్చేవి. విద్యుత్ మోటారు మౌని. అందువల్ల కార్పొరేషను వారు వేసిన ప్రతి అతుకూ, వేయని ప్రతి అతుకూ సవారీకి విడివిడిగా తెలిసివస్తుంది.

అయినా నడిపేవాడి కష్టం తక్కువే. అతడు రెండు చక్రాల నడుమ కూర్చుంటాడు, చేతికి హ్యాండిలు ఉంటుంది, గుంత ముందుగా కనిపిస్తుంది. వెనుక కూర్చున్నవారు దాదాపు వెనుక చక్రం నెత్తినే ఉంటారు, వారికి కనిపించేది నడిపేవాడి చొక్కా మాత్రమే. పైగా విద్యుత్ మోటారు తిప్పుడు బలం, అంటే చక్రాన్ని తిప్పే శక్తి, పిడి తిప్పిన తక్షణమే పూర్తిగా అందుతుంది కనుక బండి కదలగానే వెనుకవారు వెనక్కి తూలుతారు. పిడి వదలగానే మోటారే జనరేటరుగా మారి, వేగాన్ని తిరిగి బ్యాటరీలోకి కరెంటుగా పంపుతూ బండిని నెమ్మదింపజేస్తుంది కనుక ముందుకు తూలుతారు. ఆ విధంగా వెనుకవారు ఆమోదం, నిరాకరణ ఒకే ప్రయాణంలో పలుమార్లు తెలియజేసినట్టు కనిపిస్తారు. ద్వితీయ కుమారుడి జాబితా అంతా వెనుక సీటు కోసమే తయారైందని, అందులో నడిపేవాడి విలాసానికి ఒక్క రూపాయి కూడా లేదని నాన్నగారు గమనించగలరు.

వెనుక సీటు అవసరం ఎందుకు వచ్చిందంటే, చెన్నై మెట్రో 2021 ఫిబ్రవరిలో విమ్‌కో నగర్ వరకు వచ్చింది గానీ మనలికి రాలేదు. సంక్రాంతికి నాన్నగారు, అమ్మగారు సూళ్లూరుపేట లోకల్‌లో తిరువొత్తియూరులో దిగితే, అక్కడి నుంచి బకింగ్‌హామ్ కాలువ దాటి పడమరకు రావలసిన దారి అంతా ఓడరేవు కంటైనర్లను మోసే ట్రైలర్లది. కర్ణాటక సంగీత వాగ్గేయకారుడు ముత్తుస్వామి దీక్షితులు యువకుడిగా ఉన్నప్పుడు, తండ్రి రామస్వామి దీక్షితులను మనలి ముదలియార్లు పోషించగా, ఆ కుటుంబం ఇక్కడనే నివసించింది. వీణ వినిపించిన ఊరిలో ఈనాడు ట్రైలర్ల హారన్లు వినిపిస్తున్నాయి, వాటికి శ్రుతి మాత్రం తప్పదు, ఎందుకంటే ఒకే శ్రుతి ఉంది. అటువంటి దారిలో వెనుక కూర్చున్నవారికి పట్టు, ఆనుడు, కాలికి ఆధారం అనే మూడూ ఉండాలి.

ఇందులో చట్టం ఇప్పటికే కొంత పని చేసిపెట్టింది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 123వ నియమం ప్రకారం మోటారు సైకిలుకు వెనుకవారు పట్టుకునే స్థిరమైన పిడి, కాళ్లు పెట్టుకునే ఆధారం, బట్టలు చక్రంలో చిక్కకుండా వెనుక చక్రంలో సగానికి తగ్గకుండా కప్పే రక్షణ ఉండాలి. ఈ మూడవదానినే బజారులో శారీ గార్డు అంటారు. అమ్మగారు ఎడమవైపుకు తిరిగి, రెండు కాళ్లూ ఒకే పక్కన పెట్టి కూర్చుంటారు కనుక, బ్యాక్ రెస్టు ఎంత ఖరీదైనదైనా ఆమె వీపుకు అందదు. ఆమెకు కావలసింది శారీ గార్డు, దాని కింద రెండు పాదాలూ పట్టే వెడల్పాటి ఫుట్ రెస్టు, ఎడమచేతికి అందే గ్రాబ్ రెయిలు. పాదాలు గాలిలో వేలాడితే తొడల కింది భాగం సీటు అంచుకు ఒరుసుకుని తిమ్మిరెక్కుతుంది, శరీరం జారకుండా నడుము కండరాలే దారి పొడవునా కాపలా కాయవలసి వస్తుంది. ఈ ఫుట్ రెస్టు జాబితాలో అన్నిటికన్నా చవకైనది, దాని అవసరం అన్నిటికన్నా ఎక్కువ. అయినా దుకాణంలో దీనిని అడగకపోతే చూపరు.

బ్యాక్ రెస్టు నాన్నగారికి ఉద్దేశించినది. దానిని ఎంచుకోవడంలో ఎత్తు ప్రధానం: మెత్త భుజాలకు తగిలితే మనిషిని ముందుకు నెడుతుంది, నడుము వంపుకు తగిలితే నిలబెడుతుంది. బిగింపు కూడా ముఖ్యమే. బండి తయారీదారు ఇచ్చిన రంధ్రాలకే బోల్టులతో బిగించాలి తప్ప కొత్త రంధ్రాలు వేయకూడదు, ఎందుకంటే విద్యుత్ బండి ఒంటిలో ఏ పలక వెనుక ఏ తీగ పోతోందో డ్రిల్లు పట్టినవాడికి తెలియదు. అటక పెట్టెలా వెనుక బిగించే టాప్ బాక్సుకే మెత్త అతికించి, దానినే బ్యాక్ రెస్టుగా అమ్మే పద్ధతి కూడా ఉంది. ఆ పెట్టె వెనుక చక్రపు ఇరుసుకు అవతల ఉండి, నిండిన కొద్దీ ముందు చక్రాన్ని తేలిక చేస్తుంది కనుక, అమ్మగారు తెచ్చే ఆవకాయ జాడీలు, అరిసెల డబ్బాలు అందులో పెడితే హ్యాండిలు తిరగడం దైవాధీనమవుతుంది. ఇనుప కమ్మీలకు పూత బాగా చూడాలి. ఎన్నూరు సముద్రపు ఉప్పుగాలి మనలిలో దేనినీ ఊరికే వదలదు.

జనరల్ ప్యాటర్స్ రోడ్డులోని ఒక దుకాణదారుడు, సుఖమంటే సీటు కవరేనని, కవరంటే జెల్ కవరేనని దృఢంగా నమ్మినవాడు. జెల్ అంటే జిగటగా కదిలే పదార్థాన్ని సంచిలో నింపినది. ఒత్తిడిని పంచుతుంది, నిజమే, కానీ ఎండలో ఉంచితే వేడిని దాచిపెట్టుకుని కూర్చున్నవారికి నమ్మకంగా తిరిగి ఇస్తుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకు నీడలేని పార్కింగులో అది చేసే సేవ వర్ణనాతీతం. మెమరీ ఫోమ్ అనేది 1966లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా కోసం రూపొందింది, వేడికి మెత్తబడి ఒంటి ఆకారం తీసుకుంటుంది. విమానాల్లో ఎగిరేవారి సీట్ల కోసం పుట్టిన పదార్థం మాధవరం సిగ్నలు దగ్గర వేచి ఉండేవారికి కూడా పనికివస్తుందని దుకాణదారుడు అన్నాడు గానీ, చెన్నై వేడికి అది పూర్తిగా మెత్తబడి అడుగు పలకను తాకనిస్తే ఫలితం సున్న. చివరకు మిగిలింది గాలి ఆడే జాలీ గుడ్డ కవరు. దానిలో ఎగుడుదిగుళ్లను పీల్చే శక్తి పెద్దగా లేదు, కానీ చెమట నిలవదు, వాన వెలిశాక త్వరగా ఆరుతుంది. మెత్తదనం ఎంత ఎక్కువైతే అంత సుఖమన్న అభిప్రాయం పరుపుల వ్యాపారులది. కుదిపే ప్రయాణంలో మరీ మెత్తని సీటు ఎముక మొనలను లోపలికి దింపి, చుట్టూ ఉన్న మెత్తని కండరం మీద ఒత్తిడి పెంచుతుంది.

తిరస్కరించినవాటి జాబితా నాన్నగారికి ఊరట కలిగించవచ్చు. ఎత్తైన విండ్ షీల్డు గాలికి అడ్డు నిలిచి బ్యాటరీ ఖర్చు పెంచుతుంది కనుక ద్వితీయ కుమారుడు వద్దన్నాడు. రంగురంగుల అదనపు దీపాలు వద్దన్నాడు, ఎందుకంటే బండిలోని పెద్ద బ్యాటరీ దాదాపు 50 వోల్టులది, దీపాలకు కావలసింది 12 వోల్టులు, ఆ రెండింటి నడుమ ఉన్న కన్వర్టరును సంప్రదించకుండా నేరుగా తీగ కలిపితే బండితోపాటు వారంటీ కూడా కాలుతుంది. ఫోను హోల్డరు చిన్నకోడలు వద్దన్నది, కారణం అడగలేదు.

డబ్బు ఖర్చు కాని ఉపకరణాలు మరికొన్ని ఉన్నాయి, వాటిని ఎవరూ అమ్మరు. బండి ఒకే ఛార్జింగుకు ఎక్కువ దూరం పోతుందన్న ఆశతో టైర్లలో గాలి అతిగా కొట్టించడం ఇక్కడి అలవాటు. గట్టి టైరు తేలికగా దొర్లుతుంది, నిజమే, కానీ గుంతను యథాతథంగా వెన్నెముకకు అప్పగిస్తుంది. ఇద్దరు ఎక్కినప్పుడు ఎంత గాలి ఉండాలో బండి మీద అతికించిన చీటీలోనే ఉంటుంది. వెనుక షాక్ అబ్జార్బరు స్ప్రింగు బిగింపును వెనుకవారి బరువుకు తగినట్టు మార్చుకునే వీలు కొన్ని బండ్లకు ఉంది. తక్షణ బలాన్ని మచ్చిక చేయడానికి ఎకో మోడ్ అనే మీట ఉంది. ఈ మూడూ సరిచేశాక జాబితా సగానికి తగ్గింది, అందుకే నాన్నగారు చూసిన జాబితా పాతదని గమనించాలి.

హెల్మెట్టు విషయంలో మాత్రం వాదానికి తావు లేదు. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షను నడిపేవారికీ వెనుకవారికీ సమానంగా వర్తిస్తుంది, 2021 జూన్ నుంచి ఐఎస్ఐ గుర్తు లేని హెల్మెట్టు అమ్మడమే నిషిద్ధం. నాన్నగారి ఎర్ర అంచు కండువా ఎంత దట్టంగా చుట్టినా ఐఎస్ 4151 అనే ఆ ప్రమాణానికి అది సరితూగుతుందని వాదించే అధికారి తమిళనాడులో దొరకడు. అలాగే 128వ సెక్షను ప్రకారం వెనుక ఒక్కరే కూర్చోవాలి. నాయుడుపేటలో ముగ్గురు కూర్చున్నా సర్దుకునే సీటు ఇక్కడికి వచ్చేసరికి ఇద్దరికే సరిపోతుంది కనుక, ద్వితీయ కుమారుడు స్టేషనుకు రెండుసార్లు తిరుగుతాడు: ముందు ఎవరు ఎక్కాలన్నది నాన్నగారు, అమ్మగారు రైలులోనే తేల్చుకుని దిగడం శ్రేయస్కరం.

బ్యాక్ రెస్టు, ఫుట్ రెస్టు ఎత్తులు నిర్ణయించడానికి రెండు కొలతలు అవసరం: నాన్నగారు కుర్చీలో నిటారుగా కూర్చున్నప్పుడు కూర్చునే చోటు నుంచి నడుము వంపు వరకు, అమ్మగారు అదే విధంగా కూర్చున్నప్పుడు మోకాలి మడత నుంచి మడమ వరకు. అమ్మగారి కొలత ఎందుకని అడిగితే పట్టీల కోసమని చెప్పవచ్చు, ఆ తరువాతి పరిణామాలకు ద్వితీయ కుమారుడు బాధ్యుడు కాడు. కొలతలు టైలరు టేపుతో, సెంటీమీటర్లలో రాసి పంపవలసిందిగా ప్రార్థన. క్రితంసారి తలుపు కొలతలాగా జానల్లో పంపితే, దుకాణదారుడు తన జానతో కొలుస్తాడు, అతడు ఆరడుగుల మనిషి.

చిత్తగించవలెను.

ఇట్లు,
ద్వితీయ కుమారుడు