నెల తక్కువ వాళ్లు

సింగపూరు బూన్ లేలో మా బ్లాకు కింద సాయంత్రం మనవల్ని ఆడించే మిషతో చేరే తెలుగు తాతలకు ఒకటే పాట. మా రోజుల్లో ఆస్పత్రులెక్కడివి, స్కానింగులెక్కడివి, మంత్రసాని చేతుల మీద పుట్టి మేమంతా గుండ్రాయిల్లా లేమూ అని. ఉన్నారు, కాదనను. లేనివాళ్లు వచ్చి ఈ బెంచీ మీద కూర్చోరు కదా!

మా గోదావరి జిల్లాలో ఏడో నెల బిడ్డ దక్కుతుంది, ఎనిమిదో నెల బిడ్డ దక్కదు అనేవారు. ఆ లెక్క ఏ మహానుభావుడు కట్టాడో. కడుపులో వారం ఎక్కువ ఉన్నకొద్దీ ఊపిరితిత్తులు ముదురుతాయి, ఎనిమిదో నెలవాడికే ఆశ ఎక్కువ. అసలు నెలలైనా సరిగ్గా లెక్కపెట్టామా? సంక్రాంతి వెళ్లాక నెల తప్పింది అన్నదే లెక్క. నిండుగా తొమ్మిది నెలలు మోసి కన్నవాణ్ణి ఏడో నెలవాడని చెప్పుకున్న పెళ్లిళ్లూ నాకు తెలుసు, ఆ గొడవ ఇప్పుడెందుకు.

నిజంగా నెలలు నిండకుండా పుడితే దూదిలో చుట్టి, మంచం కింద కుంపటి పెట్టి, దూదివత్తితో నోట్లో పాలు పిండేవారు. కొందరు దక్కేవారు. దక్కనివాళ్లకు బారసాల లేదు, పేరు లేదు, ఏ రిజిస్టర్లోనూ ఎక్కలేదు. పిల్లలెంతమందమ్మా అంటే తల్లి కూడా ఉన్నవాళ్లనే చెప్పేది.

ఇక ఇక్కడి సంగతి. మా బూన్ లే నుంచి రైల్లో పోయేంత దూరంలోనే నేషనల్ యూనివర్సిటీ ఆస్పత్రి ఉంది. 2020 జూన్‌లో అక్కడ 24 వారాల 6 రోజులకు ఒక ఆడపిల్ల పుట్టింది. 212 గ్రాములు, పావుకిలో కూడా లేదు. తల్లికి బీపీ చేయి దాటుతుంటే ఆపరేషన్ చేసి తీశారు. మందు మోతాదు దశాంశాల్లో లెక్కకట్టాల్సి వచ్చిందట. 13 నెలలు కాచి, 6.3 కిలోల పిల్లను ఇంటికి పంపారు. హైదరాబాదూ తక్కువేం తినలేదు. 2018లో రెయిన్‌బో ఆస్పత్రిలో 25 వారాలకు పుట్టిన 375 గ్రాముల పిల్ల బతికి బట్టకట్టింది.

ఇవన్నీ ఫోన్లో చూపించి, కాలం ఎంత మారిందో చూడమ్మా అంటాడు మా అబ్బాయి. ఎక్కడ మారిందిరా? 28 వారాల్లోపు పుట్టినవాళ్లు పేద దేశాల్లో పదికి తొమ్మిది మందికి పైగా నాలుగు రోజులు తిరక్కుండానే పోతున్నారు, డబ్బున్న దేశాల్లో పదికి ఒక్కరు కూడా పోవడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే మాటే ఇది. సింగపూరు మాత్రం పుట్టుకతో గొప్పదా? 1966లో ఇక్కడి కాండాంగ్ కెర్బావు ఆస్పత్రి ఒక్కదాంట్లోనే దాదాపు 40 వేల కాన్పులై గిన్నిస్ పుస్తకానికెక్కింది. 1965లో వెయ్యిమంది పుడితే 26 మంది ఏడాది నిండకుండా పోయేవారు. ఇప్పుడు ఇద్దరు. మన ఆంధ్రలో 2020 లెక్క 24, తెలంగాణలో 21, కేరళలో ఆరు. అంటే ఈ తాతల ‘మా రోజులు’ మనూళ్లో ఇంకా నడుస్తూనే ఉన్నాయన్నమాట.

అన్నిటికీ కోట్ల మిషన్లు కావాలా అంటే అదీ కాదు. నొప్పులు ముందే వచ్చిన తల్లికి ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా సిద్ధపడతాయని న్యూజిలాండ్‌లో లిగ్గిన్స్, హోవీ 1972లోనే చూపించారు. చవక మందే. కాకపోతే కాన్పుకు ఒక రోజైనా ముందు తల్లి ఆస్పత్రి చేరాలి. ఏజెన్సీ గూడెంలో వాగు పొంగితే ఎవరు చేరుస్తారు? తెలంగాణకు పొరుగునున్న మహారాష్ట్ర గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు ఊరి ఆడవాళ్లకే పసిగుడ్డును కాచుకోవడం నేర్పి, చావులు సగానికి పైగా తగ్గించారు. ఇంక్యుబేటర్లు చాలక బొగొటాలో 1978లో బిడ్డను తల్లి గుండెకు ఆనించి కట్టారు, దానికి కంగారూ అని పేరు పెట్టారు. మా కాలంలో మాత్రం బాలింత మైల అని అందరినీ ఆమడ దూరాన ఉంచి, మురికి గుడ్డలు మాత్రం లోపలికి పంపేవాళ్లం.

బతికి బయటపడ్డా ఊరి తేడా వదలదు. ఆక్సిజన్ కొలత తప్పితే నెలలు నిండని బిడ్డ కంటిలో రక్తనాళాలు పిచ్చిగా పెరిగి చూపు పోతుంది. అమెరికాలో మరీ చిన్నవాళ్లకే వచ్చే ఈ జబ్బు మన దగ్గర రెండు కిలోలకు దగ్గరగా ఉన్నవాళ్లకూ వస్తోంది. పుట్టిన 30 రోజుల్లోపు కళ్లు చూపించండని హైదరాబాదు ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రివాళ్లు చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నారు.

మా రోజుల్లో లేని వింత ఒకటుంది. తెలంగాణలో 60.7 శాతం కాన్పులు ఆపరేషన్లేనని 2019–21 సర్వే చెప్పింది. అన్నీ ముహూర్తపు కోతలు కావులెండి, కానీ అవీ ఉన్నాయి. దేవుడు నెలలు నిండనిస్తే పంతులు నిండనివ్వడు! మొన్న మా చెల్లెలి కోడలు ఫోన్ చేసి, పెద్దత్తయ్యా, రోహిణి నక్షత్రం బాగుందట, మూడు వారాలు ముందైతే ఏమవుతుంది అంది. డాక్టరమ్మ ఏమంది అన్నాను. ఆవిడ కుదరదందిట, అందుకని కుదురుతుందనే ఇంకొకరిని చూస్తున్నారట.