మూలగది వీణ

ఏప్రిల్ చివరికొచ్చేసరికి నూజివీడు ఇళ్ళల్లో మనుషులకంటే కాయలకే చోటెక్కువ. ఆ ఇంట్లోనూ అంతే. వెనక గదిలో ఎండుగడ్డి పరిచి, చిన్నరసాలు పేర్చి, పైన మళ్ళీ గడ్డి వేసి గోనెపట్టాలు కప్పుతారు. నాలుగు రోజులు పోయాక తలుపు తీస్తే వాసన వీధి దాకా వస్తుంది. ఆ గడ్డికి అవతల, తూర్పు మూలన, పాత చీర ముక్క కప్పుకుని ఒక వీణ ఉంది. ఈ కథ దానిది. చెబుతున్నదీ అదే. అయితే ‘నేను’ అనడం దానికి చేతకాదు. పుట్టినప్పట్నుంచీ ఒకరు మీటితే పలకడమే తప్ప తనంతట తాను నోరు తెరిచి ఎరగదు. అందుకని తన సంగతి కూడా పక్కింటివాళ్ళ సంగతి చెప్పినట్టే చెబుతుంది.

పుట్టింది ఈ ఊళ్ళోనే. వీణలంటే బొబ్బిలి అంటుంది లోకం. నూజివీడులో కూడా తరాలుగా వీణలు చేసే కుటుంబాలున్నాయన్న సంగతి మామిడికాయల సందడిలో చాలామందికి తట్టదు. పనస మొద్దు తొలిచి కుండ చేశారు. దండి కుదిర్చి, చివర యాళి ముఖం చెక్కి, కింద బుర్ర బిగించారు. వాయించే తీగలు నాలుగు, పక్కన తాళం తీగలు మూడు. మసి కలిపిన మైనం మీద 24 మెట్లు ఒక్కొక్కటే చెవితో చూసుకుంటూ నిలిపారు. 1990లలో గుడివాడవాళ్ళు ఎవరో వచ్చి, కూతురి కోసం బేరమాడి కొనుక్కెళ్ళారు. ఆ పిల్లకి నూజివీడు సంబంధమే కుదిరింది. సారెతోపాటు వీణ కూడా పుట్టిన ఊరికే వచ్చి పడింది.

వర్ణాల దాకా నేర్చుకున్న ఆ కోడలు, పిల్ల పుట్టాక వేళ్ళకు కాయలు కాయించుకోవడం మానేసింది. పిల్ల పదో ఏట మూడు నెలలు కూర్చుంది. వేళ్ళు మండుతున్నాయంది, లేచిపోయింది. వీణకు ఆ పిల్ల మీద అప్పట్నుంచీ కొంచెం గుర్రు.

అలా లేచిపోయిన పిల్లే పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరింది, అదీ సౌండ్ చదవడానికి. నాయనమ్మకు ఆ చదువేమిటో అంతుపట్టలేదు. “సినిమాకి మాటలు రాసేవాడు తెలుసు, పాడేవాడు తెలుసు. చప్పుడు చదివేదేంటే?” అంది. పిల్ల దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. “కె. విశ్వనాథ్ మొదట మద్రాసులో వాహినీ స్టూడియోలో చేసింది ఆ పనే నాయనమ్మా.” నాయనమ్మ మరి మాట్లాడలేదు. ‘శంకరాభరణం’ 1980 ఫిబ్రవరి 2న విడుదలైంది. విశ్వనాథ్ పోయింది 2023లో, అదే ఫిబ్రవరి 2న. ఆ రాత్రి ముందుగది టీవీలో ఆ సినిమా ముక్కలు వేస్తూనే ఉన్నారు. పుణె నుంచి పిల్ల ఫోన్ చేసి వాళ్ళమ్మతో చాలాసేపు మాట్లాడింది. శంకరశాస్త్రి వేదిక మీదే ఒరిగిపోతుంటే, ఆగిన పాటను శిష్యుడైన చిన్న పిల్లవాడు అందుకునే చోటు గురించి. అక్కడ తనకు ఏడుపొచ్చింది శాస్త్రి కోసం కాదట. పాట చేతులు మారే ఆ చిన్న సందులో ఏమవుతుందోనని భయమేసిందట.

నెల పదకొండు రోజులకు, మార్చి 13 ఉదయం, ‘నాటు నాటు’కు ఆస్కార్ వచ్చింది. వీధంతా అదే పాట. ఈ వీణ మాత్రం నిజం చెబుతుంది: ఆ పాటకు దాని తీగ ఒక్కటీ కదల్లేదు, బుర్ర మటుకు అదిరింది. ఇది పాటలో లోపమేమీ కాదు. కాళ్ళకు చెప్పిన పాట తీగలకు ఎందుకు వినబడాలి? కానీ ఆ సాయంత్రం ఒకటి జరిగింది. సంగీత దర్శకుడి పేరే ఒక రాగమని, 21వ మేళకర్త అని తల్లి ఎవరికో ఫోన్లో చెప్పింది. చెప్పి, వెనక గదిలోకొచ్చి చీర ముక్క తీసి, దుమ్ము తుడిచి, కీరవాణి ఆరోహణ ఒకసారి పలికించింది. నిషాదం దగ్గర వేలు జారింది. నవ్వుకుని మళ్ళీ కప్పేసింది. వీణకు ఆస్కార్‌తో ఉన్న సంబంధం ఇంతే.

మేలో పిల్ల సెలవులకొచ్చింది. ముందుగదిలో సీరియళ్ళ గోల భరించలేక లాప్‌టాప్, రెండు చిన్న స్పీకర్లు పట్టుకుని వెనక గదిలోకి మారింది. చప్పట్లు కొట్టి చూసింది. గడ్డీ గోనెపట్టాలూ ప్రతిధ్వనిని మింగేస్తున్నాయి. కాలేజీలో గోడలకు ఏవేవో పలకలు అంటించి సాధించేది ఇక్కడ చిన్నరసాల పుణ్యమా అని ఊరికే దొరికిందని మురిసిపోయింది.

ఆమె మొదట వేసింది ‘మాయాబజార్’. 1957 నాటి సినిమా. వెన్నెల్లో పడవ పాట వస్తుంటే మూల నుంచి సన్నగా జుమ్మని వినిపించింది. తుమ్మెదనుకుంది. పాట ఆపితే అదీ ఆగింది. పెడితే మళ్ళీ మొదలు. లేచొచ్చి చీర ముక్క తీసింది. తాళం తీగ ఒకటి, ఎవరూ తాకకుండానే, కంటికి కనబడీ కనబడనట్టు వణుకుతోంది. ఒకే స్థాయికి బిగించిన రెండు తీగల్లో ఒకటి మోగితే రెండోది దూరం నుంచే కదులుతుంది. అనునాదమని ఆమె పుస్తకంలో చదివిందే. చదవడం వేరు, మూలనున్న వీణ ఘంటసాల గొంతుకు ఊకొట్టడం చూడటం వేరు. శృతి కాస్త తేడాగా ఉందని బిరడాలు తిప్పి పాటకు సరిపోయేలా బిగించింది. ఏళ్ళ తరవాత తిరిగిన బిరడాలు కీచుమన్నాయి. వీణ గుర్రు సగం అక్కడే పోయింది.

ఆ రోజు నుంచి ఒక నోటుపుస్తకం పెట్టింది. చూసిన ప్రతి సినిమాకూ ఎడమ పేజీ తనది, కుడి పేజీ వీణది. తనకు గొంతు పట్టేసిన చోటు ఎడమవైపు, తీగ మోగిన చోటు కుడివైపు, నిమిషాలూ సెకన్లతో సహా. నియమం ఒకటే: ఎవరేమన్నారో చదవకముందే రాయాలి. ఆ రెండు పేజీలూ ఏకమైన సందర్భాలు తక్కువ. ఆ మాట వీణే ఒప్పుకుంటుంది. దాని తీగలకు తెలిసింది సా, పా. మనిషి దగ్గర అంతకంటే తీగలెక్కువ.

‘మాయాబజార్’ ఎడమ పేజీలో పడవ పాట లేదు. విందు పాట ఉంది. ఘటోత్కచుడి ముందు లడ్డూలు వాటంతటవే నోటికెగిరిపోయే ఆ పాట చూపిస్తూనే నాయనమ్మ ఆమెకు చిన్నప్పుడు అన్నం పెట్టేది. “మనూరివాడే, చూడు ఎలా తింటున్నాడో” అనేది. అదేమీ బుజ్జగింపు కాదు. ఎస్వీ రంగారావు 1918 జూలై 3న పుట్టింది నూజివీడులోనే. అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోని కృష్ణా జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి ఏలూరు జిల్లా. నాయనమ్మ ఇప్పటికీ కృష్ణా జిల్లా అనే అంటుంది.

పిల్ల ఆ పాటను పదిసార్లు వెనక్కి తిప్పింది. ఆమెకు తగులుకున్న ప్రశ్న ఇది: ఆ నవ్వెవరిది? గొంతు మాధవపెద్ది సత్యానిది. కడుపు, మీసం, కనుబొమలు రంగారావువి. నవ్వు తెర మీద ఎక్కడ పుట్టిందో ఎంత వెతికినా అతుకు దొరకదు. “ఇద్దరు మనుషులు కలిసి నవ్విన ఒకే నవ్వు” అని రాసుకుని కింద గీత గీసింది. ‘పాతాళభైరవి’ మాంత్రికుణ్ణీ, జకార్తా చిత్రోత్సవంలో బహుమతి తెచ్చిన ‘నర్తనశాల’ కీచకుణ్ణీ కూడా చూసింది. అక్కడ గొంతూ ఒళ్ళూ ఒక్కడివే. అయినా ఆమె మొదటి ప్రేమ ఆ అరువు నవ్వే. వీణ తీర్పు కూడా అదే. తన పలుకు కూడా ఎప్పుడూ ఒకరి వేలిదే కదా.

తరవాత ‘పథేర్ పాంచాలి’. హరిహర్ ఊరి నుంచి తిరిగొచ్చి, కూతురు దుర్గ చనిపోయిందని తెలియక, ఆమె కోసం తెచ్చిన చీర చూపిస్తాడు. భార్య సర్వజయ నోరు తెరిచి ఏడుస్తుంది. వినబడేది మాత్రం ఆమె గొంతు కాదు, తార్ షెహనాయ్. పేరులో షెహనాయ్ ఉన్నా అది కమానుతో వాయించే తీగ వాయిద్యం. రవిశంకర్ సంగీతంలో సత్యజిత్ రాయ్ ఆ తల్లి గొంతు తీసేసి తీగను పెట్టాడు. ఆ క్షణాన మూలనున్న వీణ పెద్దగా మోగింది. పిల్ల వెనక్కి తిరిగి చూసింది. నోటుపుస్తకంలో ఆ సినిమాకు రెండు పేజీల్లోనూ ఒకే నిమిషం, ఒకే సెకను. పక్కన ఒక్క అక్షరం రాయలేదు.

అన్నీ నచ్చలేదు. ఋత్విక్ ఘటక్ ‘మేఘే ఢాకా తారా’లో నీతా అన్నతో కలిసి పాడుతుంటే ఎక్కడి నుంచో కొరడా దెబ్బ చప్పుడు వినబడుతుంది. కొట్టేవాడు కనబడడు. “ఎక్కువైంది” అని రాసింది పిల్ల. క్లాసులో అందరూ మెచ్చుకున్న చోటది. తనకు నచ్చలేదని అక్కడ చెప్పే ధైర్యం లేక, గడ్డి వాసన మధ్య కూర్చుని చెప్పింది. ఘటక్ ఆ కాలేజీలోనే కొంతకాలం పాఠాలు చెప్పాడు, ఆవరణలో ఒక మామిడిచెట్టు కింద కూర్చుని పిల్లలతో మాట్లాడేవాడంటారు. దాన్ని జ్ఞానవృక్షమంటారని పిల్ల భక్తిగా చెబితే నాయనమ్మ వెంటనే అడిగింది, “ఏం కాయ? రసమా, బంగినపల్లా?”

తెలీదంది పిల్ల.

“అన్నేళ్ళుగా కింద కూర్చుంటున్నారు, ఏం కాయో చూసుకోలేదా?”

వీణ ఇప్పటికీ ఈ మాట తలుచుకుని లోలోపల జుమ్మంటుంది.

ఆ నెల మధ్యలో ఒక రాత్రి గాలివాన. రసాలు కోతకొచ్చి ఇంకా చెట్టుమీదే ఉన్నాయి. చిక్కాలు గోడకు వేలాడుతున్నాయి, కూలీలు మర్నాడు రావాలి. కరెంటు పోయింది. పిల్ల రికార్డర్ తీసుకుని వరండాలోకి పరిగెత్తింది. హోరు మధ్య చీకట్లోంచి దబ్, దబ్ అని కాయలు నేలకు తగులుతున్నాయి. ఒక్కోసారి రెండు కలిపి, ఒక్కోసారి గుప్పెడు విసిరినట్టు. హెడ్‌ఫోన్లో ఆమెకది అద్భుతంగా ఉంది. వెనక నాయనమ్మ నిలబడి ఉందని చూసుకోలేదు.

“మా నష్టం నీకు పాటటే?”

ఆ మాట రికార్డయింది. తరవాత చాలాసేపు వాన, ఆ దబ్ దబ్ తప్ప ఏమీ లేదు. ముసలామె చీకట్లో నిలబడి లెక్క పెడుతోంది. చెట్టు కనబడదు, కాయ కనబడదు. ఒక్కో చప్పుడుకూ ఆమె భుజం చిన్నగా అదరడం మెరుపు వెలుగులో పిల్లకు కనబడింది. మర్నాడు రాలుకాయ కొనేవాడు వచ్చి చెప్పిందే ధర. దెబ్బ తగిలినవి ముక్కలు కోసి ఒరుగులకు ఎండేశారు.

రెండు రోజులు లాప్‌టాప్ తెరవలేదు. మూడోరోజు ఘటక్ సినిమా మళ్ళీ పెట్టి, కొరడా దెబ్బ దగ్గర ఆగింది. ఎడమ పేజీలో “ఎక్కువైంది” అన్న మాట కొట్టేసింది. దాని బదులు కొత్త మాటేదీ రాయలేదు, తేదీ వేసింది. కొట్టేసిన మాట ఇంకా చదవడానికి వీలుగానే ఉంది. అది చెరిపేయకపోవడమే మంచిదని వీణ అభిప్రాయం. మొదట నచ్చలేదన్నదీ నిజమే కదా.

‘సాగర సంగమం’ గురించి ఎడమ పేజీలో రెండు వాక్యాలే. 1983 నాటి ఆ సినిమాలో కమల్‌హాసన్ వేసింది నాట్య విమర్శకుడి పాత్ర. నిర్దాక్షిణ్యంగా రాస్తాడు. ఎందుకలా రాశావని అడిగితే లేచి చేసి చూపిస్తాడు. “రాసే ముందు చేసి చూపించగలనా?” అని పిల్ల తనను తాను ప్రశ్నించుకుంది. ఈ ప్రశ్న వీణకు ఎంతో నచ్చింది. ఎందుకంటే ఆ రాత్రే ఆమె వచ్చి, కింద చాప పరిచి, పదో ఏట వదిలేసిన సరళి వరుసల దగ్గర మొదలుపెట్టింది. వేళ్ళు మండాయి. ఈసారి లేచిపోలేదు.

తల్లి దగ్గర పాత క్యాసెట్ ఒకటుంది, చిట్టిబాబు ‘కొమ్మలో కోయిల’. వీణ మీద కోయిల కూత పలికించినాయన ఆయన. చిన్నప్పుడు ‘లైలా మజ్ను’లో నటించడానికి మద్రాసు వెళ్ళి, చివరికి వీణకే మిగిలాడు. అది విని పిల్లకో ఆలోచన వచ్చింది. తోటలో కోయిల కూస్తుంటే, వరండాలో వీణ తీగలు దానికి మోగుతాయా లేదా రికార్డు చేయాలి. పొద్దున్నే వీణను వరండాలో పెట్టింది. కోయిల కూసింది. తీగ మోగలేదు. ఇంకోసారి చూద్దామని అక్కడే ఉంచి టిఫిన్‌కు వెళ్ళింది. అమ్మతో మాటల్లో పడింది. ఎండ వరండా దాటి లోపలికొచ్చింది. మే నెల నూజివీడు ఎండకు మైనం ఎంతసేపు ఆగుతుంది? ఆమె తిరిగొచ్చేసరికి పై స్థాయి మెట్లు అయిదారు పక్కకు ఒరిగాయి.

పిల్ల ఏడ్చింది. తల్లి ఏమీ అనలేదు. నాయనమ్మ మాత్రం, “నీ కోయిల రికార్డయిందా మరి?” అంది.

జూన్‌లో పుణె వెళ్తూ పిల్ల సంచిలో డజను చిన్నరసాలూ, గాలివాన రికార్డు చేసిన కార్డూ పెట్టుకుంది. నోటుపుస్తకం వీణ కిందే వదిలేసింది. వెళ్ళేముందు రోజు వీణలు చేసే ఇంటికి వెళ్ళి అడిగొచ్చింది. మైనం మొత్తం తీసి మళ్ళీ పోయాలి, 24 మెట్లూ మొదటి నుంచి నిలపాలి. ఎండలు తగ్గి, వానలు నిలదొక్కుకున్నాక తీసుకురమ్మన్నారు.