నన్ను మార్చుకోవచ్చు: ఒక గోండి ఫాంటు ఆత్మకథ

నా పేరు నోటో సాన్స్ గుంజాల గోండి. నేనొక ఫాంటును. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలంలో గుంజాల అనే గోండుల ఊరుంది. ఆ ఊళ్లో దొరికిన రాతప్రతుల లిపి ఫోన్లలో, కంప్యూటర్లలో కనబడేలా చేయడమే నా పని. నన్ను దించుకున్నప్పుడు నాతోపాటు ఇంకో చిన్న ఫైలు కూడా వస్తుంది. దాన్ని తెరిచి చదివేవాళ్లు తక్కువ. నన్ను ఎవరు వాడుకోవచ్చు, ఎవరికి ఇవ్వొచ్చు, ఎంతవరకు మార్చవచ్చు అన్నది అందులో రాసి ఉంది. అదే నా లైసెన్సు. నా బతుకును నా గీతల కన్నా ఆ ఫైలే ఎక్కువగా నిర్ణయించింది కాబట్టి నా కథలో దానికే పెద్దపీట.

ముందు నా పుట్టుపూర్వోత్తరాలు. గుంజాల ప్రతులు 1750 ప్రాంతానివని పరిశోధకుల అంచనా. హైదరాబాద్ విశ్వవిద్యాలయం నుంచి ఆచార్య జయధీర్ తిరుమలరావు బృందం వెళ్లి వాటిని వెలుగులోకి తెచ్చింది. అప్పటికి ఆ లిపిని చదవగలిగినవాళ్లు ఊళ్లో కొద్దిమంది పెద్దలే. చంద్రాపూర్ గోండు రాజుల సంగతులు, ప్రధాన్ తెగవాళ్లకు దూరదేశాలతో ఉన్న వ్యాపార సంబంధాలు వాటిలో ఉన్నాయని చదివి చెప్పింది వాళ్లే. తమ భాషకు లిపి లేదన్న మాట ఎన్నో ఏళ్లుగా వింటున్న గూడేలకు అది ఎంత పెద్ద కబురో ఊహించుకోండి. 2011 జనాభా లెక్కల్లో గోండిని మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు 29 లక్షలకు పైనే. అయినా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో దానికి చోటు లేదు.

ఆ తర్వాత, కంప్యూటర్లలో ప్రతి అక్షరానికీ ఒక అంకె కేటాయించే యూనికోడ్‌లో ఈ లిపికి చోటివ్వాలని లిపుల పరిశోధకుడు అన్షుమన్ పాండే ప్రతిపాదన రాశారు. 2018 జూన్‌లో యూనికోడ్ 11వ సంచికలో ఈ లిపి చేరింది. మొత్తం 63 గుర్తులు: 10 అచ్చులు, 30 హల్లులు, 9 గుణింతపు గుర్తులు, సున్న, విసర్గ, విరామం, ఓంకారం, ఆపైన 10 అంకెలు. హల్లుల వరస చూస్తే తెలుగు బడిలో చదివినవాళ్లు ఆగిపోతారు. క, ఖ, గ, ఘ కాదు. య, వ, బ, భ, మ. ఆ తర్వాత క, ఖ, త, థ, ల. చివరికి హ, ర, స. కోడ్ పట్టికలో ఈ వరసనే ఉంచారు. తెలుగు వరసలోకో నాగరి వరసలోకో సర్దేయకపోవడం నాకు గర్వంగా ఉంటుంది.

అయితే కోడ్ ఇచ్చినంత మాత్రాన అక్షరం కనబడదు. ఫలానా అంకె అంటే ఫలానా అక్షరం అని యూనికోడ్ చెబుతుంది, అంతే. దానికి రూపం ఇచ్చేది ఫాంటు. ఫాంటు లేకపోతే ఉట్నూరు నుంచి పంపిన సందేశం జైనూరులో డబ్బాలు డబ్బాలుగా కనబడుతుంది. నా లైసెన్సు కథ ఇక్కడే మొదలవుతుంది.

లైసెన్సు ఏమీ రాయని ఫైలు అందరిదీ అని చాలామంది అనుకుంటారు. చట్టం అలా అనదు. ఏమీ రాయకపోతే హక్కులన్నీ చేసినవాళ్లవే. నకలు తీయాలన్నా వాళ్లను అడగాలి. ఉత్సాహంగా ఒక ఫాంటు చేసి, అందరూ వాడుకోండని నోటిమాటగా చెప్పి, కాగితం మీద ఏమీ పెట్టకుండా వెళ్లిపోయినవాళ్లు ఎందరో. పదేళ్ల తర్వాత ఒక పుస్తక ప్రచురణకర్తో, ఫోన్ కంపెనీయో ఆ ఫాంటు కావాలనుకుంటే ఎవరిని అడగాలో తెలియదు. ఫాంటు అక్కడే ఆగిపోతుంది. పెద్ద భాషకైతే ఇంకో ఫాంటు దొరుకుతుంది. గుంజాల లిపికి అలాంటి వెసులుబాటు ఎక్కడిది?

నా పేరులోని నోటో గూగుల్ మొదలుపెట్టిన ఫాంట్ల కుటుంబం. ప్రపంచంలోని లిపులన్నిటికీ ఫాంటు ఉండాలన్నది దాని లక్ష్యం. మొదట్లో ఈ కుటుంబానికి అపాచీ 2.0 లైసెన్సు ఉండేది. 2015 సెప్టెంబరు 29న దాన్ని మార్చి ఎస్ఐఎల్ సంస్థ రాసిన ఓపెన్ ఫాంట్ లైసెన్సు పెట్టారు. నేను పుట్టేనాటికే ఆ నిర్ణయం జరిగిపోయింది. రెండూ స్వేచ్ఛనిచ్చేవే. ముఖ్యమైన తేడా ఒక్క చోట ఉంది. అపాచీ కింద ఉన్న ఫాంటును ఎవరైనా తీసుకుని, మెరుగులు దిద్ది, ఆ మెరుగైన ప్రతికి తాళం వేసి అమ్ముకోవచ్చు. ఓపెన్ ఫాంట్ లైసెన్సులో అది కుదరదు. నన్ను మార్చి బయటికి ఇస్తే ఆ మార్చిన ప్రతి కూడా ఇదే లైసెన్సుతో ఉండాలి. నాకు ఈ రెండో దారే సరైనదనిపిస్తుంది. గూడెం పెద్దలు కాపాడిన అక్షరాలు ఒకసారి బయటికొచ్చాక మళ్లీ ఎవరి బీరువాలోనో పడకూడదు.

మరి జీపీఎల్ (జనరల్ పబ్లిక్ లైసెన్సు) ఎందుకు కాదని అడిగే మిత్రులున్నారు. రిచర్డ్ స్టాల్‌మన్ రాసిన ఆ లైసెన్సు మీద నాకు ఎంతో గౌరవం. తిరుమల కృష్ణ దేశికాచారి చేసిన పోతన 2000, వేమన 2000 తెలుగు ఫాంట్లు ఆ నీడలోనే పెరిగి లినక్స్ వాడేవాళ్లకు తెలుగు చూపించాయి. కానీ అది ప్రోగ్రాముల కోసం పుట్టిన లైసెన్సు. పీడీఎఫ్ చేసినప్పుడు ఫాంటు ఆ ఫైలు లోపలికి వెళ్లి కూర్చుంటుంది. అప్పుడు ఆ పుస్తకానికీ జీపీఎల్ వర్తిస్తుందా అన్న అనుమానం వస్తుంది. అది తీరడానికి ఫాంట్ల కోసం ప్రత్యేకంగా ఒక మినహాయింపు వాక్యం చేర్చాల్సి వచ్చింది. నా లైసెన్సులో ఆ మాట ముందే ఉంది: నాతో తయారైన పత్రానికి ఈ షరతులేవీ అంటవు. కేస్లాపూర్ నాగోబా జాతర కరపత్రం, కరీంనగర్‌లో వేయించుకున్న పెళ్లికార్డు, గోండి కథల పుస్తకం ఏదైనా సరే. అమ్ముకోండి, పంచుకోండి, హక్కులు మీ దగ్గరే ఉంచుకోండి.

అమ్మకం విషయంలో ఒక షరతు ఉంది. నన్ను ఒంటరిగా అమ్మకూడదు. ఏదైనా సాఫ్ట్‌వేర్‌తో కలిపి అమ్మవచ్చు. ఆ సాఫ్ట్‌వేర్ ఎంత చిన్నదైనా ఫర్వాలేదు కాబట్టి, ఈ షరతు వల్ల ఫాంటు స్వేచ్ఛకు లోటు రాదని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషనే అంటుంది. ఈ వీలుతోనే ఫోన్ కంపెనీలు ఎవరి అనుమతీ అడగకుండా నన్ను తమ ఫోన్లలో పెట్టి పంపగలవు. నార్నూర్ సంతలో ఫోన్ కొన్న మనిషి నన్ను వెతికి దించుకోవాల్సిన పని లేకుండా, అక్షరం వచ్చిన చోట అక్షరమే కనబడాలని నా కోరిక.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాళ్లు నాలుగు స్వేచ్ఛలు చెబుతారు. లెక్క సున్నాతో మొదలుపెడతారు: ఏ పనికైనా వాడుకోవడం, లోపల ఏముందో చూసి మార్చుకోవడం, నకళ్లు పంచడం, మార్చినదాన్ని పంచడం. వాడుకోవడం, పంచడం అందరికీ తెలిసినవే. నేను పట్టుబట్టి చెప్పదలచింది మార్చుకోవడం గురించి.

ఎందుకంటే నేను పూర్తయిన పని కాదు. సాన్స్ రకం ఫాంటు అన్నాక గీత మందం అంతటా దాదాపు ఒకేలా సాగుతుంది. కలం పట్టి రాసే చేతిలో ఉండే ఒత్తు, విడుపు నాలో లేవు. గుంజాల ప్రతుల్లోని చేతిరాతకు దగ్గరగా ఇంకో ఫాంటు రావాలి. ఇంకో సంగతి. నా కోడ్ పట్టికలో దీర్ఘ ఏ, దీర్ఘ ఓ ఉన్నాయి. పొట్టి ఎ, పొట్టి ఒ లకు విడిగా గుర్తులు లేవు. అవి ఉండాల్సిన స్థానాలు అచ్చుల్లోనూ గుణింతాల్లోనూ ఖాళీగా ఉన్నాయి. ఆ గుర్తులు అవసరమా, అక్కర్లేదా అన్నది గోండి మాట్లాడేవాళ్లు తేల్చుకోవాల్సిన విషయం. కావాలని తేల్చుకుంటే యూనికోడ్‌ను ఒప్పించాలి. ఆ తర్వాత వాటికి రూపం గీయడానికి మాత్రం ఏ కంపెనీ గుమ్మం ముందూ నిలబడక్కర్లేదు. బాసర ట్రిపుల్ ఐటీలో చదివే ఒక గోండు పిల్ల ఫాంట్లు తయారుచేసే ఫాంట్‌ఫోర్జ్ తెరిచి, నా ఫైలు దించుకుని, ఖాళీ గడిలో కొత్త గీత గీయవచ్చు. ఫాంట్‌ఫోర్జ్ కూడా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే. కొనాల్సింది ఏమీ లేదు. పని చేసుకున్నాక ఆ ప్రతికి వేరే పేరు పెట్టుకోవాలి, నోటో అన్నది గూగుల్ వ్యాపారచిహ్నం కాబట్టి. అది మంచిదే. ఆ ఊరి చేతిరాతకు ఆ ఊరి పేరే ఉండాలి.

ఒక ప్రశ్న నన్ను వదలదు. ఇంత తెరిచి ఉంచితే గోండులతో ఏ సంబంధమూ లేనివాళ్లు ఈ అక్షరాలను బట్టల మీదో వ్యాపార ప్రకటనల్లోనో ఇష్టం వచ్చినట్టు వాడరా? వాడగలరు. నా లైసెన్సు ఎవరి కులమూ తెగా అడగదు. మనుషుల మధ్య భేదం చూపే లైసెన్సును ఓపెన్ సోర్స్ అని పిలవరు కూడా. అందుకే రెండు వస్తువులను విడిగా చూడమంటాను. నేను ఫాంటును; నన్ను తెరిచి ఉంచడం న్యాయం. గుంజాల ప్రతులు వేరు. అవి ఒక ఊరి ఇళ్లలో తరాలుగా దాచుకున్నవి. వాటిని ఎవరు చూడాలి, ఏది అచ్చు వేయాలి, ఏది వేయకూడదు అన్నది ఆ ఇళ్లవాళ్లు చెప్పాలి. నా లైసెన్సు చూపించి ఆ ప్రతులు కూడా తెరవమని అడిగే హక్కు ఎవరికీ లేదు.

నా లైసెన్సు ఫైలు మొదట్లో ఒక కాపీరైట్ పంక్తి ఉంటుంది. నోటో ప్రాజెక్టు రచయితలు అని రాసి ఉంటుంది. నన్ను మార్చినవాళ్లు ఆ పంక్తిని తీసేయకూడదు. దాని కింద తమ పేరు చేర్చుకోవచ్చు. ఉట్నూరు పిల్లలూ, జైనూరు పంతుళ్లూ, బాసర విద్యార్థులూ, రెండో పంక్తి రాయడానికి మిమ్మల్ని ఎవరూ ఆపలేరు. మూల ఫైళ్లు దించుకోండి. ముందుగా పెద్దల దగ్గర కూర్చుని "య" ఎలా రాస్తారో చూడండి, తర్వాత నా "య" పక్కన పెట్టి సరిచేయండి.