అసలు వద్దు, నకిలీతో మొదలుపెట్టండి: పాత వీడియో గేములు సేకరించేవాళ్ళకు ఆరు ఎదురు సలహాలు

పాత వీడియో గేములు కూడబెట్టాలన్న సరదా పుట్టినవాళ్ళకు ఎవరిని అడిగినా అవే సలహాలు వస్తాయి. అసలు సరుకే కొను, సీలు విప్పకు, కొత్తదానిలా మెరిపించు, ఎవరి చేతికీ ఇవ్వకు. వీటన్నిటికీ నేను ఎదురే చెబుతాను. ఆ సలహాలు ధర పెరగాలని కొనేవాళ్ళకు పనికొస్తాయి. మన ఇళ్ళలో ఆడిన ఆటలు బతకాలంటే దారి వేరు.

1. ముందు నకిలీ కొనండి

నింటెండో వారి ఫ్యామికామ్ కన్సోల్ 1983 జులైలో జపాన్‌లో విడుదలైంది. అప్పటి మన పిల్లల్లో ఎక్కువమంది దాన్ని కంటితో కూడా చూడలేదు. వాళ్ళు మారియో, కాంట్రా, రోడ్ ఫైటర్, సర్కస్ చార్లీ ఆడింది లిటిల్ మాస్టర్, మీడియా లాంటి పేర్లతో వచ్చిన నకళ్ళ మీదే. కాబట్టి మీ అరలో మొదటి చోటు వాటిది. '9999 ఇన్ 1' అని ముద్రించిన క్యాసెట్ కనిపిస్తే వదలకండి. మెనూ కిందికి జరుపుతూ పోతే కాసేపటికి అవే ఆటలు వేరే పేర్లతో మళ్ళీ వస్తుంటాయి. ఒకచోట కాంట్రా మొదటి లెవెల్ నుంచి మొదలైతే, ఇంకోచోట అదే కాంట్రా మధ్యలో ఏదో లెవెల్ నుంచి మొదలవుతుంది. స్క్రూలు విప్పి చూడండి. చాలావాటిలో కాళ్ళున్న చిప్పు బదులు నల్లటి ఎపాక్సీ బొట్టు ఒకటి కనిపిస్తుంది. చిప్పును నేరుగా బోర్డుకు అతికించి, పైన ఎపాక్సీ పోసి ఖర్చు తగ్గించిన పద్ధతి అది. జపాన్ క్యాసెట్లను కాపాడేవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు. వీటిని మనం కాపాడకపోతే ఇంకెవరూ కాపాడరు.

2. కన్సోల్ కంటే ముందు డబ్బా టీవీ కొనండి

ఇంట్లో ఆట తుపాకీ ఉండి, ఎల్ఈడీ టీవీ మాత్రమే ఉంటే బాతులను కాల్చే డక్ హంట్ ఆడలేరు. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడుతుంది, బాతు ఉన్నచోట మాత్రం తెల్లటి చదరం మెరుస్తుంది. తుపాకీ గొట్టంలోని సెన్సర్‌కు ఆ వెలుగు అందితేనే బాతు పడుతుంది. కొత్త టీవీ బొమ్మను కాస్త ఆలస్యంగా చూపిస్తుంది కనుక తుపాకీ వెతికే క్షణంలో అక్కడ వెలుగు ఉండదు. పాత ఒనిడానో, వీడియోకానో ఎవరైనా వదిలించుకుంటుంటే తెచ్చుకోండి. దాని వెనక మూత మాత్రం విప్పకండి. ప్లగ్గు పీకాక కూడా పిక్చర్ ట్యూబులో వేల వోల్టులు నిలిచి ఉండొచ్చు.

3. సీలు విప్పండి

2021 జులైలో సీలు విప్పని సూపర్ మారియో 64 క్యాసెట్ ఒకటి అమెరికాలో జరిగిన వేలంలో 15.6 లక్షల డాలర్లు పలికింది. అంత ధర ఆటకు రాలేదు, దాని మీది ప్లాస్టిక్ కాగితానికి వచ్చింది. పైగా పాత జెల్డా గేము క్యాసెట్‌లో ఆట సేవ్ కావడానికి బిళ్ళ బ్యాటరీ ఒకటి ఉంటుంది. వాడినా వాడకపోయినా అది ఏళ్ళ తరబడి నీరసిస్తూనే ఉంటుంది. సీలు విప్పి ఆడితేనే అది అయిపోయిందని తెలుస్తుంది, కొత్తది సోల్డర్ చేయించుకోవచ్చు.

4. పనిచేయనివి ఏరి కొనండి

హైదరాబాద్ ఎర్రగడ్డ ఆదివారం సంత లాంటి చోట్ల 'ఇది ఆన్ కాదు సార్' అని పక్కన పడేసినవాటినే బేరమాడండి. తరచూ వాటికొచ్చిన జబ్బు చిన్నదే. క్యాసెట్ పిన్నులకు మకిలి పట్టి ఉంటుంది, లేదా ప్యాడ్ వైరు కనెక్టర్ దగ్గర లోపల తెగి ఉంటుంది. పిన్నుల మీద నోటితో ఊదకండి, ఆ తడికి లోహం చెడుతుంది. ఇయర్‌బడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి తుడవండి, ఆరనివ్వండి, అప్పుడు పెట్టండి. అమెరికా నుంచి ఎవరైనా తెచ్చిన పాత కన్సోల్ అయితే ముందు అడాప్టర్ మీద రాసింది చదవండి. 120 వోల్టులదాన్ని మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే కాలిపోతుంది. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి.

5. పసుపెక్కినదాన్ని తెల్లగా చేయకండి

పాత ప్లాస్టిక్‌లో మంటలు అంటుకోకుండా బ్రోమిన్ రసాయనాలు కలిపేవారు. వెలుగు, వేడి తగిలి ఏళ్ళు గడిచేకొద్దీ అలాంటి ప్లాస్టిక్ పసుపెక్కుతుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి ఎండలో పెడితే తెల్లబడే మాట నిజమే. మోతాదు తప్పితే మచ్చలు పడతాయి, పసుపు మళ్ళీ తిరిగి రావచ్చు కూడా. అలాగే వదిలేయండి. లేబుల్ మీద ఎవరో పిల్లవాడు బాల్ పెన్నుతో రాసుకున్న పేరునూ చెరపకండి. ఆ క్యాసెట్ ఒక ఇంట్లో బతికిందనడానికి అదే రుజువు.

6. ఎవరూ అడగని డిస్కులు కొనండి

2009లో ప్లేస్టేషన్ 2 కోసం 'హనుమాన్: బాయ్ వారియర్' వచ్చింది. చేసింది హైదరాబాద్ సంస్థ ఆరోనా టెక్నాలజీస్. కబడ్డీ, గిల్లీ డండా లాంటి మన ఆటలతో అదే ఏడాది వచ్చిన 'దేశీ అడ్డా'ను చేసిన గేమ్‌శాస్త్ర కూడా హైదరాబాద్‌దే. గొప్ప ఆటలా కాదా అన్న చర్చ తర్వాత పెట్టుకోవచ్చు. మనవాళ్ళు కన్సోల్ ఆటలు తయారుచేయడం నేర్చుకున్న రోజుల ఆనవాళ్ళు ఈ డిస్కులు. ప్రపంచమంతా వెంటపడే జపాన్ క్యాసెట్‌కు వేలు పోసే ముందు వీటిని వెతికి పట్టుకోండి.

కొన్నవాటిని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేయకండి. రెండో ప్యాడ్ పక్కింటి పిల్లల చేతికివ్వండి. ప్యాడ్లు అరిగితే మార్చుకోవచ్చు. ఆడేవాళ్ళు లేకుండా పోతే ఆటను తిరిగి తెచ్చుకోలేం. ఈ పండక్కి ఊరెళ్ళినప్పుడు అటక మీద చూడండి, అమ్మమ్మనూ బాబాయినీ అడగండి. నల్లటి కన్సోలో, లేబుల్ చిరిగిన క్యాసెట్టో దొరికితే పాత సామాన్లవాడి బండి ఎక్కనివ్వకండి. మీ సేకరణను దానితోనే మొదలుపెట్టండి.