ముందు కనువిందు, తర్వాత ఉగ్రరూపం

మన వార్తా ఛానళ్లకు తెలిసిన నీళ్లు రెండే రకాలు. కనువిందు చేసేవి, ఉగ్రరూపం దాల్చేవి. తాగే నీళ్లు, పొలానికి పారే నీళ్లు కూడా ఉంటాయని వాళ్లకీ తెలుసు గానీ, వాటికి డ్రోన్ షాట్ కుదరదు.

నాలుగు చినుకులు గట్టిగా పడగానే ములుగు జిల్లా వాజేడు మండలంలోని బొగతకు సీజన్ మొదలవుతుంది. చీకుపల్లి వాగు బండల మీంచి వెడల్పుగా దూకే చోటు అది. చుట్టూ అడవి, నిజంగానే చూసి తీరాల్సిన చోటు. టీవీలో మాత్రం దాని పేరు 'తెలంగాణ నయాగరా'. అరకు 'ఆంధ్రా ఊటీ', లంబసింగి 'ఆంధ్రా కాశ్మీర్', కృష్ణ ఒడ్డున సోమశిల 'మినీ మాల్దీవ్స్'. మన ఊళ్లను సొంత పేరు మీద స్టూడియోలోకి రానివ్వరు. ఎవరో ఒక పెద్ద ఊరు పూచీకత్తు ఇవ్వాలి. నయాగరా దగ్గర నిలబడి 'ఇది మా కెనడా బొగత' అని అక్కడివాళ్లు ఎవరైనా చెప్పుకున్నట్టు మాత్రం నేనింతవరకూ వినలేదు.

పేరు కుదిరాక మాటలు ఎలాగూ సిద్ధంగానే ఉంటాయి. 'పాలనురగలు కక్కుతూ... ప్రకృతి ప్రేమికులను కట్టిపడేస్తూ... ఎగసిపడుతూ...' ఆ వాక్యంలో క్రియ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే మధ్యలో ప్రకటనలు వచ్చేస్తాయి. వెనక ఏదో సినిమా నేపథ్య సంగీతం. జలపాతానికి సొంత చప్పుడు ఉంటుందన్న సంగతి అక్కడికి వెళ్లినవాళ్లకే తెలుస్తుంది.

పోయిన వానాకాలం నేనూ వెళ్లాను. ఏటూరునాగారం దాటి ముల్లకట్ట వంతెన ఎక్కితే కింద గోదావరి ఎర్రమట్టి రంగులో, అవతలి ఒడ్డు వెతుక్కోవాల్సినంత విస్తారంగా పారుతోంది. వంతెన మీద కార్లు ఆపుకుని జనం నదికి వీపు తిప్పి సెల్ఫీలు దిగుతున్నారు.

బొగత దగ్గర ఒక ఛానల్ బృందం అప్పటికే పనిలో ఉంది. పిల్లలతో వచ్చిన ఒక పెద్దమనిషిని నిలబెట్టి రిపోర్టర్ 'ఎలా ఫీలవుతున్నారు?' అని అడిగాడు.

'చాలా బాగుందండీ. టీవీలో చూసే వచ్చాం.'

'టీవీలో కంటే ఇక్కడ ఇంకా బాగుంది కదా?'

ఆయన ఒకసారి వెనక్కి తిరిగి, జలపాతాన్ని పైనుంచి కిందిదాకా చూసి, 'టీవీలో ఇంకొంచెం తెల్లగా ఉండె' అన్నాడు. ఆయన తప్పేం లేదు. వాగు వరద మీద ఉంది, దూకే నీళ్లు చిక్కటి టీ రంగులో ఉన్నాయి. రిపోర్టర్ ఆ ముక్క వద్దని చెప్పి మళ్లీ మొదటినుంచి అడిగాడు. ఈసారి ఆయన తడబడకుండా 'పాలనురగల్లాగా ఉంది' అన్నాడు.

ఆ పక్కనే మక్క కంకులు కాలుస్తున్న ఒకామె ఫ్రేములోకి వస్తోంది. కెమెరామన్ చెయ్యూపాడు. 'జర పక్కకు జరుగమ్మా, జలపాతానికి అడ్డమొస్తున్నవ్.' ఆమె కుంపటి పక్కకు లాక్కుంటూ, 'మా ఊరి కాడ వాగుకు బ్రిడ్జి లేదు సారూ. వానొస్తే పిల్లలు బడికి పోరు. గది గూడ తియ్యరాదుండ్రి' అంది. రిపోర్టర్ చెడ్డవాడేం కాదు, ఓపిగ్గానే జవాబు చెప్పాడు.

'అది వేరే స్టోరీ అమ్మా. అది వరదలొచ్చినప్పుడు తీస్తాం.'

ఈ ఒక్క విషయంలో ఛానళ్లు మాట తప్పవు. 2023 జూలై చివర్లో ఇదే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. రాష్ట్రంలో అంత వాన అంతకుముందెన్నడూ నమోదు కాలేదు. ముత్యాలధార జలపాతం చూడబోయిన సందర్శకులు వాగు పొంగి అడవిలో చిక్కుకుపోతే ఎన్డీఆర్ఎఫ్ సిబ్బంది వెళ్లి బయటికి తెచ్చారు. కొండాయి ఊళ్లో జంపన్నవాగు మనుషులనే తీసుకుపోయింది. తెరమీద పాలనురగలు పోయి 'జలప్రళయం' వచ్చింది. స్టూడియోలో ఏసీ కింద, గ్రాఫిక్స్ నీళ్లలో మోకాళ్ల దాకా మునిగి, గొడుగు పట్టుకుని వార్తలు చదివే వృత్తి ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందో లేదో నాకు అనుమానమే.

బొగతలో దూకిన నీళ్లే గోదావరిలో కలిసి భద్రాచలం చేరతాయి. అక్కడ వాటికి అంకెలొస్తాయి. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జూలైలో నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. 1986 నాటి రికార్డు 75.6. 'రికార్డు బద్దలవుతుందా?' అని అడుగుతున్న గొంతుల్లో, సెంచరీకి నాలుగు పరుగుల దూరంలో ఉన్న బ్యాట్స్‌మన్‌ను చూసే ఆత్రమే నాకు వినబడింది. బద్దలు కాలేదు. ఛానళ్లు నిరాశపడ్డాయో లేదో చెప్పలేను గానీ, మట్టం 43 కిందికి దిగగానే ఓబీ వ్యాన్లు మాత్రం హైదరాబాద్ దారి పడతాయి. ఇంట్లోంచి బురద ఎత్తిపోసుకోవడానికీ, తడిసిన బియ్యం ఆరబోసుకోవడానికీ హెచ్చరిక నంబరు ఏదీ లేదు కదా.

బొగత చూడాలనుకునేవాళ్లు అక్టోబరులో వెళ్లండి. వరద తగ్గి నీళ్లు తేటపడతాయి, అడవి ఇంకా పచ్చగానే ఉంటుంది, ఎలా ఫీలవుతున్నారని ఎవరూ మైకు పెట్టరు. వాగు ఉధృతంగా ఉందని అటవీశాఖ వాళ్లు గేటు దగ్గర ఆపితే వాళ్లతో వాదన పెట్టుకోకండి.

ఛానళ్ల వాళ్లకు ఒకటే మనవి. ఆ బ్రిడ్జి స్టోరీ ఏదో ఎండాకాలంలో తీయండి. బ్రిడ్జీలు కట్టడానికి వీలయ్యేది అప్పుడే.